ఊళ్లో కళా శిబిరం నడపడం ఎలా: నల్లగొండ, పాలమూరు మహిళా కళాకారులకు ఒక మార్గదర్శి

దక్షిణ తెలంగాణలో చేతిపని తెలిసిన స్త్రీలకు కొదువ లేదు. దేవరకొండ చుట్టుపక్కల తండాల్లో గవ్వలు, అద్దాలు పొదిగి కుట్టే లంబాడీ స్త్రీలు, పోచంపల్లి, పుట్టపాకల్లో చిటికీ కట్టి (రంగు వేసే ముందు పోగులకు ముళ్లు వేసి) ఆసు పోసే (నేతకు ముందు నూలును మేకుల చుట్టూ తిప్పి అమర్చే) స్త్రీలు, గద్వాల, నారాయణపేటల్లో మగ్గం వెనుక కండెలు చుట్టే స్త్రీలు, పాలమూరు పల్లెల్లో పాత చీరలతో బొంతలు కుట్టే అవ్వలు ఈ నేల మీద ఎప్పటినుంచో ఉన్నారు. వీరికి తోడు ఈ మధ్య చిత్రకళ, బొమ్మల తయారీ, బట్టలకు రంగులద్దడం నేర్చుకుని తిరిగి సొంత ఊరికో అత్తగారి ఊరికో వచ్చి స్థిరపడిన యువతులు కూడా కనిపిస్తున్నారు. కొరత ఉన్నదల్లా ఈ పనిని ఇంటి గడప దాటించి పదిమందికి నేర్పే ఏర్పాటు దగ్గరే. అటువంటి ఏర్పాటును సొంతంగా, పెద్ద సంస్థల అండ లేకుండా, ఒక పూట శిబిరంగా ఎలా నడపవచ్చో ఇక్కడ వివరిస్తున్నాను.

మొదట తేల్చుకోవలసిన విషయం ఒకటి ఉంది. శిబిరానికి వచ్చే స్త్రీ చేతిలో మహా అయితే రెండున్నర, మూడు గంటల సమయం ఉంటుంది. ఆ సమయం ముగిసేసరికి ఆమె పూర్తయిన ఒక వస్తువును చేతపట్టుకుని ఇంటికి వెళ్లాలి, అదే వస్తువును వచ్చే వారం మీ సహాయం లేకుండా మళ్లీ చేయగలగాలి. ఏ పని ఎంచుకోవాలి, ఎప్పుడు పెట్టాలి, ఎంత రుసుము తీసుకోవాలి అన్న ప్రశ్నలన్నింటినీ ఈ రెండు షరతులతో కొలిచి చూసుకుంటే సగం సందేహాలు వాటంతటవే తొలగిపోతాయి.

పని ఎంపిక

మీకు వచ్చిన పనులలో అన్నింటికంటే గొప్పదాన్ని నేర్పాలనిపించడం సహజమే కాని, ఆ కోరికను పక్కన పెట్టండి. లంబాడీ కుట్టుతో నిండుగా చేసిన కాంచళికి (లంబాడీ స్త్రీల రవికకు) వారాలు పడుతుంది. అదే కుట్టుతో నాలుగు అద్దాలు, అంచుకు గవ్వల వరుస ఉన్న చిన్న సంచి మూత ఒక పూటలో పూర్తవుతుంది. నిండు ముగ్గు బదులు దాని మధ్య పువ్వును మాత్రమే ఒక పీటపై రంగులతో వేయించవచ్చు. పని చిన్నదైనంత మాత్రాన నేర్పేది తక్కువ కాదు, ఎందుకంటే అద్దాన్ని జారకుండా పట్టి ఉంచే మొదటి నాలుగు అడ్డకుట్లు ఒకసారి చేతికి పట్టుబడితే మిగిలిన కాంచళి అంతా ఓపికకు సంబంధించిన విషయమే.

రెండో షరతును కూడా ఇక్కడే చూసుకోవాలి. మీరు వాడే సామాను నల్లగొండ ప్రకాశం బజారులోనో, ఆమె మండల కేంద్రంలోని ఫ్యాన్సీ దుకాణంలోనో, పచారీ కొట్టులోనో దొరకాలి. హైదరాబాదు బేగంబజారుకు వెళ్తే తప్ప దొరకని రంగుతోనో, ఆన్‌లైన్‌లో తెప్పించుకోవలసిన జిగురుతోనో నేర్పిన పని శిబిరం రోజుతోనే ఆగిపోతుంది.

కాలం, వేళ

మన జిల్లాల్లో శిబిరం తేదీని పంచాంగం కంటే పంట నిర్ణయిస్తుంది. వానాకాలం నాట్లు పడే రోజుల్లోను, మళ్లీ యాసంగి నాట్ల వేళలోను, దసరా తరువాత మొదలై సంక్రాంతి దాకా సాగే పత్తి ఏరే రోజుల్లోను కూలికి వెళ్లే స్త్రీలు ఎవరూ రాలేరు. వారు రాకపోతే శిబిరం ఉద్యోగస్థుల ఇళ్ల వారికే పరిమితమవుతుంది. యాసంగి కోతలు ముగిసిన తరువాతి ఎండాకాలం అనువైనదే అయినా, ఆ నెలల్లో ఉపాధి హామీ పనులు తెల్లవారుజామునే మొదలవుతాయి గనుక పగలు పదకొండు తరువాతనే పిలవాలి. బతుకమ్మ రోజులకు ప్రత్యేకత ఉంది. ఆడబిడ్డలు పుట్టింటికి వచ్చి ఉంటారు, ఊరంతా తంగేడు, గునుగు పూల పనిలో ఉంటుంది, కొత్తవారు ఒకరినొకరు కలిసే అవకాశం ఏడాదిలో అంతగా మరెప్పుడూ ఉండదు. అయితే సద్దుల బతుకమ్మకు ముందు రెండు రోజులు మాత్రం ఎవరికీ తీరిక చిక్కదు. తండాల్లో శ్రావణంలో తీజ్ జరిగే తొమ్మిది రోజులు పెళ్లికాని పిల్లలు గోధుమ మొలకల బుట్టలకు నీళ్లు పోస్తూ పాటల్లో ఉంటారు కాబట్టి ఆ వారంలో వారిని వేరే పనికి పిలవడం మర్యాద కాదు.

వారంలో అంగడి రోజును తప్పించండి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గాని, శిబిరం పెట్టిన ఊళ్లో ఏ రోజు అంగడో తెలుసుకోకుండా తేదీ ప్రకటించిన నిర్వాహకులు ఖాళీ గదిలో కూర్చోవలసి వస్తుంది.

చోటు

గ్రామ పంచాయతీ భవనం, మహిళా సమాఖ్య భవనం, సెలవు రోజుల్లో పాఠశాల గది, ఈ మూడింటిలో సమాఖ్య భవనాన్నే నేను ముందుగా సూచిస్తాను. అక్కడికి వెళ్తున్నానంటే ఇంట్లో ఎవరూ కారణం అడగరు. గుడి మండపం విశాలంగా, గాలి వెలుతురులతో ఉన్నప్పటికీ శిబిరానికి పనికిరాదని నా అభిప్రాయం. నెలసరిలో ఉన్నవారు రారు, కొన్ని ఊళ్లలో కొన్ని వాడల వారు గడప దగ్గరే ఆగిపోతారు, ఆగిపోయినవారు తమ కారణాన్ని పైకి చెప్పరు. ఒకరి ఇంటి వరండాలో పెట్టినా ఇదే ఇబ్బంది రావచ్చు, కనుక ఎవరి ఇంటికి అందరూ నిస్సంకోచంగా వస్తారో ముందుగా విచారించుకోవాలి.

గది చూడటానికి వెళ్లినప్పుడు, శిబిరం జరిగే వేళకే వెళ్లండి. ఉదయం వెలుతురుగా కనిపించిన గది మధ్యాహ్నం చీకటి పడవచ్చు, కుట్టుపనికి అది పనికిరాదు. మరుగుదొడ్డి తాళం ఎవరి దగ్గర ఉంటుందో, కరెంటు కోత వేళలు ఏమిటో, నీళ్లు ఏ కుళాయి నుంచి వస్తాయో అడగండి. పిల్లలతో వచ్చే తల్లులు తప్పక ఉంటారు. గదిలో ఒక మూల చాప పరిచి, సుద్దముక్కలు, పాత కాగితాలు పెట్టి, ఒక పెద్ద పిల్లను అక్కడ కూర్చోబెడితే తల్లుల చేతులకు తీరిక దొరుకుతుంది.

పిలుపు

గోడకు అంటించిన కాగితం చూసి వచ్చేవారు తక్కువ. మహిళా సంఘాల నెలవారీ సమావేశానికి వెళ్లి, గ్రామ సమాఖ్య అధ్యక్షురాలి అనుమతితో ఐదు నిమిషాలు మాట్లాడి, మీరు చేసిన వస్తువును చేతికిచ్చి అందరి మధ్య తిప్పించడం అన్నింటికంటే బాగా పనిచేస్తుంది. ఆ తరువాత వాట్సాప్‌లో పంపే సందేశం చిన్నదిగా, తేదీ, వేళ, చోటు, రుసుము, ఇంటినుంచి తేవలసినవి స్పష్టంగా ఉండేటట్టు రాయండి. ఉదాహరణకు ఇలా రాయవచ్చు: “వచ్చే ఆదివారం పగలు 11 గంటలకు సమాఖ్య భవనంలో ఉల్లిపొట్టు రంగుతో చేతిరుమాలు అద్దకం నేర్పుతాము. రుసుము 300 రూపాయలు, ముందుగా 150 ఇచ్చి పేరు రాయించుకోవాలి. సామాను మేమే ఇస్తాము. పాత చీర కట్టుకుని రండి, రంగు అంటుతుంది. 1:30కు ముగుస్తుంది.” చదవడం రానివారి కోసం ఇదే విషయాన్ని మీ గొంతుతో చెప్పి కూడా పంపండి.

“నాకు సూది పట్టరాదు అక్కా, నేనొచ్చి ఏం జేస్త” అనే మాట ప్రతి ఊళ్లోనూ వినిపిస్తుంది. అలా అన్నవారిని బతిమాలడం కంటే, చూడటానికి రమ్మని పిలవడం మేలు. పక్కన కూర్చుని చూసినవారు చాలామంది మధ్యలోనే గుడ్డ అడిగి తీసుకుంటారు, అందుకని రెండు ముక్కలు అదనంగా సిద్ధం చేసుకోవాలి.

ఒక అద్దకం శిబిరం, మొదటినుంచి చివరిదాకా

పద్ధతి స్పష్టంగా తెలియడానికి పై సందేశంలోని శిబిరాన్నే పూర్తిగా వివరిస్తాను. పదిహేను మంది, ఒక్కొక్కరికి ఒక చేతిరుమాలు. నలభై అయిదు సెంటీమీటర్ల చదరపు నూలు రుమాలు సుమారు 20 గ్రాములు తూగుతుంది, అంటే మొత్తం 300 గ్రాముల బట్ట. మీ గుడ్డ ఇంతకన్నా మందంగానో పలుచగానో ఉండవచ్చు కాబట్టి తూకం వేసి, కింది లెక్కలను ఆ తూకానికి మార్చుకోండి. సహజ రంగుల పనిలో కొలతలన్నీ బట్ట బరువును బట్టే ఉంటాయి.

శిబిరానికి మూడు రోజుల ముందే పని మొదలవుతుంది. కోరా (చలువ చేయని కొత్త) గుడ్డలో గంజి, నూనె జిడ్డు ఉంటాయి, అవి పోకపోతే రంగు మచ్చలుగా పడుతుంది. వంద గ్రాముల గుడ్డకు రెండు మూడు గ్రాముల బట్టల సోడా, కొద్దిగా సబ్బు కలిపిన నీళ్లలో గంటసేపు ఉడికించి బాగా జాడించాలి. తరువాత, 300 గ్రాములకు 60 గ్రాముల కరక్కాయ పొడిని గోరువెచ్చని నీళ్లలో కలిపి రాత్రంతా నానబెట్టి, ఉదయం జాడించకుండా పిండి నీడన ఆరబెట్టాలి. కరక్కాయలోని వగరు పదార్థం నూలు పోగును పట్టుకుంటుంది, ఆ తరువాత వేసే పటిక దానిని పట్టుకుంటుంది, రంగు పటికను పట్టుకుంటుంది. ఈ గొలుసులో ఒక మెట్టు తప్పినా రంగు త్వరగా వెలిసిపోతుంది. పటిక 50 గ్రాములు చాలు, వేడినీళ్లలో పూర్తిగా కరిగించి, నీళ్లు కొంత చల్లారాక గుడ్డను కొన్ని గంటలు ఉంచి మళ్లీ ఆరబెట్టాలి. ఇదంతా శిబిరంలో చేయించడానికి వీలు కాదు గనుక ప్రతి దశలో ఒక ముక్కను దాచిపెట్టి, కోరా గుడ్డ, ఉడికిన గుడ్డ, కరక్కాయ గుడ్డ, పటిక గుడ్డ, రంగు గుడ్డ అని ఒక అట్టపై వరసగా కుట్టి గోడకు తగిలించండి. అక్షరం రాకపోయినా ఆ అట్టను చూసి క్రమం చెప్పగలుగుతారు. కరక్కాయ వేయడం వల్ల ముడి కట్టిన భాగం తెల్లగా కాకుండా లేత మీగడ రంగులో మిగులుతుందని కూడా ఆ అట్ట దగ్గరే చెప్పాలి, లేకపోతే విప్పాక “తెలుపు రాలేదేమి” అని నిరాశపడతారు.

రంగుకు ఎండిన ఉల్లిపొట్టు 300 గ్రాములు కావాలి. తూకంలో తక్కువే కాని అది పెద్ద సంచి నిండుతుంది. కూరగాయల మార్కెట్టులోనో హోటల్‌లోనో వారం ముందే చెప్పి ఉంచితే ఉచితంగా ఇస్తారు. శివరాత్రికి, హోలీకి మధ్య శిబిరం పెట్టేవారు గుట్టల మీద దొరికే మోదుగు పూలను వాడవచ్చు, పసుపు, నారింజ మధ్య రంగు వస్తుంది. హోలీకి ఈ పూల నీళ్లే చల్లుకున్న రోజులను గుర్తు చేసుకునే పెద్దవాళ్లు శిబిరంలో తప్పక ఉంటారు. దానిమ్మ తొక్కలు జ్యూస్ బండి దగ్గర దొరుకుతాయి, వాటి పసుపు గట్టిగా నిలుస్తుంది. వంటింటి పసుపును మాత్రం వాడవద్దు. చూడటానికి వెంటనే మెరిసిపోతుంది కాని ఎండకు కొద్ది రోజుల్లోనే పోతుంది, పోయాక మీ మాట మీద నమ్మకం కూడా పోతుంది.

నీళ్ల విషయంలో మన ప్రాంతపు వారు ఇంకెవరికన్నా జాగ్రత్తగా ఉండాలి. నల్లగొండ జిల్లాలో చాలాచోట్ల బోరు నీళ్లు కఠినమైనవి, మర్రిగూడ, నాంపల్లి వైపు ఫ్లోరైడ్ సంగతి అందరికీ తెలిసిందే. కఠిన జలం రంగును మసకబారుస్తుంది, ఇనుము ఉన్న నీళ్లు పసుపును బూడిద పచ్చగా మార్చేస్తాయి. మిషన్ భగీరథ కుళాయి నీళ్లు గాని, పట్టి ఉంచిన వాన నీళ్లు గాని వాడండి. అంతకన్నా ముఖ్యంగా, శిబిరం జరిగే ఊరి నీళ్లను ఒక బిందెడు తెచ్చుకుని ముందుగా నమూనా అద్ది చూడండి, ఎందుకంటే మీ ఇంటి నీళ్లతో వచ్చిన రంగు అక్కడ వస్తుందన్న హామీ లేదు.

శిబిరం రోజున మీరు ఒక గంట ముందే వెళ్లి ఎనిమిది, తొమ్మిది లీటర్ల నీళ్లలో ఉల్లిపొట్టును మరగబెట్టడం మొదలుపెట్టాలి. పాత్ర స్టీలుదై ఉండాలి, ఇనుప కడాయి రంగును నల్లబరుస్తుంది. ఆ పాత్రను మళ్లీ వంటకు వాడకూడదన్న విషయాన్ని మొదటే చెప్పండి. స్త్రీలు వచ్చి కూర్చునే సరికి గది నిండా ఉల్లి వాసన ఉంటుంది, అందువల్ల కిటికీలు తెరిచి ఉంచాలి. మొదటి నలభై నిమిషాలు ముళ్లు కట్టడానికి: శనగ గింజలు, చింతగింజలు లోపల పెట్టి దారంతో బిగించడం, గుడ్డను మడతలు పెట్టి రెండు చెక్క పలకల మధ్య కట్టడం, ఈ రెండు చాలు. ముడి ఎంత బిగుతుగా ఉంటే అంచు అంత స్పష్టంగా వస్తుంది. ప్రతి గుడ్డ మూలకు వేరువేరు రంగుల దారపు గుర్తు కట్టించండి, పాత్రలో పడిన తరువాత ఎవరిది ఏదో వారికే తెలియదు.

తడిపి పిండిన ముళ్ల గుడ్డలను వడకట్టిన రంగు నీళ్లలో వేసి, తెర్లకుండా సన్నని సెగ మీద ముప్పావు గంట ఉంచాలి. ఈ ముప్పావు గంటలో వారు ఖాళీగా కూర్చోకూడదు. అట్ట దగ్గరకు పిలిచి దశలను వారితోనే చెప్పించండి, కొలతలను నోట్‌బుక్కులో రాయించండి, రాయలేనివారి కొలతలను పక్కవారు రాసిపెట్టాలి. కావాలన్నవారి గుడ్డలను చివర్లో అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్ అనే ఇనుప లవణం) కలిపిన నీళ్లలో ఒక్క నిమిషం ముంచితే ముదురు ఆకుపచ్చ బూడిద రంగు వస్తుంది. వంద గ్రాముల గుడ్డకు ఒకటి రెండు గ్రాములు మించవద్దు, ఎక్కువైతే పోగు పెళుసవుతుంది. అన్నభేదిని చేతికి తొడుగు వేసుకునే ముట్టాలి, పిల్లలకు అందని చోట మూతపెట్టి ఉంచాలి. ముళ్లు విప్పే వేళ గదిలో సందడి పెరుగుతుంది, అప్పుడు కత్తెరలు జాగ్రత్త, తొందరలో దారంతోపాటు గుడ్డ కూడా తెగుతుంది.

ఒక మాట తప్పనిసరిగా చెప్పాలి. ఇలా గుడ్డకు ముళ్లు కట్టి అద్దడం పోచంపల్లి నేత కాదు. అక్కడ నేతకు ముందే, పోగుల మీదే చిటికీ కట్టి రంగు వేస్తారు, తరువాత ఆ పోగులు మగ్గం మీద కలిసినప్పుడు బొమ్మ ఏర్పడుతుంది. పోచంపల్లి, గద్వాల, నారాయణపేట చీరలకు, 2020లో పుట్టపాక తేలియా రుమాలుకు భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది, 1999 నాటి చట్టం ప్రకారం ఆ పేర్లను ఇష్టం వచ్చినట్టు వాడుకోవడానికి వీల్లేదు. మీ రుమాలును అందంగా ఉందని చెప్పండి, చేతి అద్దకమని చెప్పండి, ఇంకొకరి పేరు మాత్రం దానికి తగిలించవద్దు.

అందరూ కలిసి చేసే బొంత

ఒక పూట శిబిరం ఒకటి రెండు జరిగి, మనుషులు ఒకరికొకరు అలవాటైన తరువాత నెలరోజులు సాగే ఉమ్మడి పని పెట్టుకోవచ్చు. దీనికి బొంతను మించినది లేదని నేను అనుకుంటాను. ఖర్చు దాదాపు లేదు, ఎవరి ఇంట్లోనైనా పాత చీర ఉంటుంది, కుట్టడం రానివారికి కూడా అవ్వల ద్వారా చేతి కదలిక తెలిసే ఉంటుంది.

పదిహేను మంది ఒక్కొక్కరు రెండేసి చదరాలు తెస్తే ముప్పై అవుతాయి. ముప్పై మూడు సెంటీమీటర్ల చదరంగా కత్తిరించి, చుట్టూ ఒకటిన్నర సెంటీమీటరు కుట్టులోకి పోనిస్తే ముప్పై మిగులుతుంది. అడ్డంగా ఐదు, నిలువుగా ఆరు పెడితే 150 సెంటీమీటర్ల వెడల్పు, 180 పొడవుతో ఒకరు హాయిగా కప్పుకునే బొంత వస్తుంది. అట్టతో ఒకే కొలత మూస కోసి అందరికీ ఇవ్వండి, లేకపోతే ఎవరి జానెడు వారిదవుతుంది. చీరలు నూలువే కావాలి. పాలిస్టరు జారుతుంది, నూలుతో కలిపి కుట్టితే ఉతికిన తరువాత ముడతలు పడుతుంది. ప్రతి ముక్కను ముందే ఉతికి తేవాలి. వెనుక పొరకు ఒక చీర, మధ్య పొరలకు రెండు చీరలు పడతాయి, ఒక్కో చీరను 190 సెంటీమీటర్ల రెండు ముక్కలుగా కోసి పక్కపక్కన జోడించి పరచాలి. పొరలు కదలకుండా ముందు పొడుగు కచ్చా కుట్టు వేసి, ఆ పైన లావు నూలు దారంతో రెండు వేళ్ల ఎడంతో వరసలు కుట్టుకుంటూ రావాలి. మధ్యలోనుంచి మొదలుపెట్టి అంచుల వైపు పోవాలి, అంచునుంచి మొదలుపెడితే నడుమ గుడ్డ పోగవుతుంది.

ఈ పనిలో ఉన్న అసలు లాభం నలుగురూ ఒకే గుడ్డ చుట్టూ కూర్చోవడమే. పెద్దవాళ్లు వరస తప్పకుండా కుట్టగలరు, చిన్నవాళ్లు రంగుల అమరిక చెప్పగలరు, కనుక నేర్పేవారు, నేర్చుకునేవారు అన్న తేడా తగ్గుతుంది. చీర ముక్క తెచ్చినవారు అది ఎప్పటి చీరో చెప్పకుండా ఉండలేరు కూడా.

బొంత పూర్తయ్యాక ఎవరికి చెందుతుందో మొదటి రోజే తేల్చి, నోట్‌బుక్కులో రాసి, అందరి సంతకాలో వేలిముద్రలో తీసుకోండి. చీటీ వేసి ఒకరికి ఇవ్వడం, ఊళ్లో ఆ నెల కాన్పైన బాలింతకు ఇవ్వడం, అమ్మి సంఘం పొదుపులో వేయడం, ఏదైనా సరే. పని నడిచినంత కాలం అందరూ “ఎవరికైతే ఏముంది” అనే అంటారు. చివరి వరస కుట్టిన రోజున మాట మారుతుంది.

నేర్పే పద్ధతి

నేర్పేవారు ఒక్కరే పదిహేను మందిని చూసుకోవడం సాధ్యం కాదు. ఐదారుగురికి ఒక సహాయకురాలు చొప్పున ఇద్దరిని పెట్టుకోండి, వారికి ముందు రోజే పూర్తి పని చేయించండి. అర్ధచంద్రాకారంలో కూర్చోబెడితే అందరికీ మీ చేతులు కనిపిస్తాయి, ఎదురుగా కూర్చున్నవారికి కుడి ఎడమలు తారుమారవుతాయి గనుక కుట్టును చూపేటప్పుడు వారి పక్కకు వెళ్లి, వారు చూసే దిక్కునే కూర్చుని చూపాలి. ఎడమచేతి వాటం ఉన్నవారిని ముందే అడిగి తెలుసుకోండి. వారిని మాత్రం ఎదురుగా కూర్చోబెడితే సరిపోతుంది.

నలభై దాటినవారికి సూదిలో దారం ఎక్కించడమే పెద్ద అవరోధం, అది సిగ్గుతో పైకి చెప్పరు. పెద్ద బెజ్జం ఉన్న సూదులు, దారం ఎక్కించే చిన్న తీగ పరికరాలు పెట్టండి, సగం సూదులకు ముందే దారం ఎక్కించి పిన్ను దిండుకు గుచ్చి ఉంచండి. ఒకరి పని బాగాలేదని చేతిలోంచి లాక్కుని మీరు చేసి ఇవ్వడం మాత్రం ఎన్నడూ చేయకూడదు. ఆ గుడ్డ మీద మీ కుట్టు ఎంత బాగున్నా అది ఇక ఆమెది కాదు. వేరే గుడ్డ మీద చూపి, ఆమె గుడ్డను ఆమెకే వదలండి.

గురువులను పిలవడం

మీరు ఒక పనిని తండాలోనో నేతవాడలోనో చూసి నేర్చుకుని ఉంటే, దాన్ని మీరే నేర్పే ముందు ఆ పని పుట్టిన ఇంటివారిని పిలవండి. లంబాడీ కుట్టు శిబిరానికి తండానుంచి ఒక యాడిని (లంబాడీ మాటలో అమ్మను) పిలిచి, ఆమె కుట్లకు తమ భాషలో ఉన్న పేర్లను ఆమె నోటితోనే చెప్పించండి. నేత ఇళ్లలో స్త్రీలు తమ పనిని కళ అని అనుకోరు, “ఇంటాయనకు సాయం చేస్తున్న” అంటారు. ఒక చీరకు ఆసు పోయాలంటే చేతిని వేలసార్లు అటూ ఇటూ ఆడించాలి, ఆ భుజాల నొప్పిని తల్లి దగ్గర చూసి, ఆలేరు మండలం శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం ఆసు యంత్రాన్ని తయారుచేశారు, 2017లో పద్మశ్రీ అందుకున్నారు. యంత్రం కథ ఊరూరా తెలిసింది కాని, అంతకు ముందు తరాలపాటు వేళ్లతో లెక్క తప్పకుండా ఆసు పోసిన స్త్రీలను వేదిక మీదికి పిలిచి అడిగినవారు తక్కువ. మీరు పిలిస్తే, శాలువా కప్పి పంపించేయవద్దు. రవాణా ఖర్చు, ఒక రోజు కూలికి తగ్గని పారితోషికం ఆమె చేతికే, అక్కడే ఇవ్వండి.

డబ్బు లెక్క

ఉచితంగా నేర్పడం సేవలా కనిపిస్తుంది గాని, ఉచిత శిబిరానికి పేరిచ్చి రాకుండా ఉండేవారే ఎక్కువ. పై అద్దకం శిబిరానికి సామాను 1,500, గది శుభ్రత, గ్యాసు, టీ 600, ఇద్దరు సహాయకులకు 900, మీ పనికి 1,500 అనుకుంటే మొత్తం 4,500 రూపాయలు, పదిహేను మందికి తలా 300. అయితే సామాను ముందే కొంటారు గనుక పదిమందే వస్తే నష్టం మీదే, అందుకే సగం ముందుగా తీసుకోవడం. ఇవ్వలేనివారి రుసుమును సంఘం పొదుపు నుంచి భరించమని అడగవచ్చు, లేదా వారిని సహాయకులుగా తీసుకోవచ్చు, ఎవరు ఎలా వచ్చారో గదిలో ఎవరికీ తెలియనివ్వకూడదు. ఫోన్‌పేలో వచ్చినదీ చేతికి వచ్చినదీ ఒకే పుస్తకంలో రాయండి.

“ఇంటి దగ్గర కూర్చుని వేలు సంపాదించండి” అని మాత్రం ప్రకటించవద్దు. ఒక పూట నేర్చుకున్న పనితో ఆదాయం రాదని మీకు తెలుసు, ఆ మాట నమ్మి అప్పు చేసి గుడ్డ తాను కొన్నవారు ఆ తరువాత ఏ శిబిరానికీ రారు. అమ్మకం గురించి అడిగినవారికి లెక్క చూపండి: గుడ్డ, రంగు, గ్యాసు, పట్టిన గంటలకు కూలి కలిపి ఎంతవుతుందో, ఆ ధరకు కొనేవారు మీ మండలంలో ఉన్నారో లేదో వారే చెప్పగలరు.

చూపడం, అప్పగించడం

తయారైన వస్తువులను పదిమందికి చూపించాలంటే హైదరాబాదు ప్రదర్శనల కోసం చూడనక్కర లేదు. దీపావళి తరువాతి కురుమూర్తి జాతరలో, మాఘమాసంలో చెర్వుగట్టు జాతరలో ఒక బల్ల వేసే చోటు కోసం పంచాయతీనీ ఆలయ అధికారులనూ ముందుగా అడగవచ్చు. గ్రంథాలయ గోడ, పాఠశాల వార్షికోత్సవం కూడా మంచి చోట్లే. ప్రతి వస్తువు పక్కన చేసినవారి పేరు ఉండాలి, పేరు వద్దన్నవారికి ఊరు పేరు చాలు. ఫోటోలు తీసే ముందు ఒక్కొక్కరినీ విడిగా అడగండి, గుంపులో అడిగితే కాదనలేక ఒప్పుకుంటారు. పెళ్లికాని పిల్లల ముఖాలు కనిపించే ఫోటోలను తల్లి అనుమతి ఉన్నా బహిరంగంగా పెట్టకుండా ఉండటమే మేలు, చేతులు, గుడ్డలు కనిపిస్తే చాలు.

శిబిరం ముగిసిన రోజున మిగిలిన రంగు నీళ్లను బాగా నీళ్లు కలిపి ఖాళీ నేల మీద పోయండి, అన్నభేది నీళ్లను చెరువులోకో పశువులు తాగే చోటుకో పోనివ్వకండి. మిగిలిన పటిక, కరక్కాయలను డబ్బాల్లో పేర్లు రాసి సమాఖ్య భవనంలోనే ఉంచితే తరువాత ఎవరైనా మళ్లీ మొదలుపెట్టడానికి అడ్డుండదు. రెండు వారాల తరువాత ఒకసారి వెళ్లి, ఎవరు సొంతంగా చేశారో చూడండి. వారిలో బాగా చేసిన ఒకరిని పక్క ఊరి శిబిరానికి నేర్పరిగా తీసుకువెళ్లి, పటిక తూకం నుంచి రుసుము లెక్క దాకా ఆమెకే అప్పగించండి. ఆ రోజు మీ వాటా సహాయకురాలి వాటాయే, ఆమెదే నేర్పరి వాటా.